అందరికీ పనికొచ్చే సైకిలు

"సైకిలు ఎవరికి?" అని అడిగాడు షాపులో గడ్డం అతను.

"నాకు," అంది శ్రీవిద్య.

అతను మర్యాదగా తలూపి, జగన్మోహన్ వైపు తిరిగి, "ఆవిడ ఎత్తెంత?" అన్నాడు.

జగన్మోహన్ భార్యని ఎగాదిగా చూశాడు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ సంగతి ఎప్పుడూ అవసరపడలేదన్నట్టు కాసేపు ఆలోచించి, "ఫైవ్ ఫోర్ ఉంటుందేమో," అన్నాడు.

"అయిదడుగుల ఒక అంగుళం," అంది శ్రీవిద్య, గడ్డం అతనితోనే. అతను మళ్ళీ తలూపాడు. మళ్ళీ జగన్మోహన్ వైపే తిరిగి, బడ్జెట్ ఎంతనుకుంటున్నారని అడిగాడు.

ఆ శనివారం షాపుకి వచ్చింది నలుగురు. సైకిలు కావలసింది ఒక్కరికి. జగన్మోహన్ భర్త కాబట్టి వచ్చాడు. పదిహేడేళ్ళ కొడుకు కౌశిక్, తిరిగొచ్చేటప్పుడు ఎక్కడో ఒకచోట ఆపి తిననిస్తారని వచ్చాడు. తేజేశ్వర్ మాత్రం పనిమీదే వచ్చాడు. జగన్మోహన్‌తో ఒకే ప్రాజెక్టులో చేసి తమ్ముడిలా కలిసిపోయినవాడు, వాళ్ళకి తెలిసినవాళ్ళలో మౌంటెన్ బైకు ఉన్నవాడు అతనొక్కడే. అది కార్బన్ ఫ్రేముది. కొన్న కొత్తలో అందరిళ్ళకీ తీసుకెళ్ళి, రెండు వేళ్ళతో ఎత్తి చూపించాడు.

"వదినా, ఒక మాట చెప్త విను," అన్నాడు తేజేశ్వర్. "ఎనిమిది వందల డాలర్లకి మౌంటెన్ బైక్ రాదు. వస్తది గాని అది మౌంటెన్ బైక్ కాదు."

"మరేమిటి?"

"సైకిల్."

"నేను అడుగుతున్నదీ అదే కదయ్యా," అంది శ్రీవిద్య.

కౌశిక్ నవ్వాడు. తేజేశ్వర్‌కి నవ్వు రాలేదు. అక్కడ వేలాడుతున్న వాటిలో ఒక్కొక్కదాన్నీ పట్టుకుని చూసి, పెదవి విరిచి, వదిలేస్తున్నాడు. ఈ లోపు గడ్డం అతను ఉన్న విషయం చెప్పాడు. ఈ ధరలో ముందు చక్రానికి మాత్రమే స్ప్రింగులున్న సైకిలు తీసుకోవడం మంచిది. వెనక కూడా స్ప్రింగులు పెట్టి ఇదే ధరకి అమ్ముతున్నారంటే బ్రేకుల దగ్గరో చక్రాల దగ్గరో నాసిరకం వేసే ఉంటారు. బ్రేకులు మంచివై ఉండాలి. అన్నిటికన్నా ముందు సైజు. ఇదంతా జగన్మోహన్‌తో చెప్పాడు. జగన్మోహన్ దాన్ని తెలుగులో శ్రీవిద్యకి చెప్పాడు. ఆమె అప్పటికే ఇంగ్లీషులో విని ఉంది.

అక్కడ ఒక మూలగా నెమలికంఠం రంగు సైకిలొకటి ఉంది. స్మాల్ సైజు, అది ఒక్కటే మిగిలిందట. శ్రీవిద్య ఎవర్నీ అడక్కుండా దాని హాండిల్ పట్టుకుని బయట పార్కింగ్ లాట్‌లోకి నడిపించింది. ఎక్కి కూర్చుంది. రెండు పాదాల ముందు భాగాలూ నేలకి ఆనాయి. చేతులు సాగదీయాల్సిన అవసరం లేకుండా బ్రేకులు వేళ్ళకి అందాయి. కాలేజీ రోజుల తరవాత సైకిలెక్కడం ఇదే. మొదటి మలుపులో కాస్త తూలింది, రెండో మలుపులో తూలలేదు. వరసగా ఆగి ఉన్న కార్ల వెనక నుంచి ఒక చుట్టు చుట్టి వచ్చేసరికి ఆమె మొహం ఎర్రబడి ఉంది.

"ఇది తీసుకుందాం," అంది.

"మంచిదే," అన్నాడు జగన్మోహన్. "కానీ మొదటి షాపులో మొదటిదే కొనేస్తామా? కొంచెం రీసెర్చ్ చేద్దాం విద్యా."

"వచ్చే ఆదివారమే రైడు."

"వారం ఉంది కదా."

ఆ రైడు సంగతి ఆమెకి చెప్పింది దేదీప్య. శ్రీవిద్య ఓక్ ట్రీ రోడ్డు మీద ఒక చీరల షాపు వెనక గదిలో జాకెట్లు కుడుతుంది. దేదీప్య అక్కడికి వచ్చే అమ్మాయి, ఇక్కడే పుట్టి పెరిగింది, ఫార్మసిస్టు. కొలతలు తీస్తుంటే మోచేతి మీద గీరుకుపోయిన మచ్చలు కనబడి ఏమిటమ్మా అని అడిగితే, అడవి దారుల్లో సైకిలు తొక్కుతానంది. సిక్స్ మైల్ రన్ పార్కులో కొత్తగా నేర్చుకునే ఆడవాళ్ళందరినీ కలిపి తీసుకెళ్ళే రైడొకటి ఉందని, సొంత బైకు ఉంటే చాలని చెప్పి, అక్కడికక్కడే ఫోనులో శ్రీవిద్య పేరు కూడా పెట్టేసింది. ఏడాదికి ఒక్కసారే ఉంటుందట. ఆ పేరు పెట్టినప్పటి నుంచీ శ్రీవిద్యకి మిషను తొక్కుతున్నప్పుడల్లా అదే ధ్యాస. ఇన్నేళ్ళుగా కూర్చున్న చోటే తొక్కుతున్న కాళ్ళు ఒక్కసారి ముందుకు పోతే ఎలా ఉంటుందో అని.

*

ఆ వారమంతా ఇంట్లో సైకిలు తప్ప వేరే మాట లేదు. ఆ మాటల్లో శ్రీవిద్య లేదు.

జగన్మోహన్ మంచివాడు. ఆ విషయం ఎవరడిగినా ఆమె చెప్పేది. కానీ ఒక వస్తువు కొనాలంటే అతనికి ఆ వస్తువు మీద భక్తి కలగాలి. డిష్‌వాషరు కొన్నప్పుడు డిష్‌వాషర్ల చరిత్ర అంతా చదివాడు. ఇప్పుడు భోజనాల దగ్గర ఫోను నీళ్ళ గ్లాసుకి ఆనించి, ఎవరో కొండ మీంచి దూకుతున్న వీడియోలు పెట్టుకున్నాడు.

"చూశావా, ఆ వెనక సస్పెన్షన్ ఎలా తీసుకుందో?"

"నేను కొండ మీంచి దూకను," అంది శ్రీవిద్య, అతని కంచంలో చారు పోస్తూ.

"ఇవాళ దూకవు. రేపు దూకాలనిపిస్తే?"

"రేపు కూడా దూకను."

"ఫ్యూచర్ ప్రూఫ్ ఉండాలి కదా."

ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకి జాకెట్లు గుర్తొచ్చేవి. వచ్చే ఆడవాళ్ళందరూ, లోపల గుడ్డ వదలండి, రేపు లావైతే విప్పుకుంటాం అంటారు. వదులుతుంది. గుడ్డ కాబట్టి వదులుతుంది. ఇనప గొట్టాల్లో లోపల ఏం వదులుతారు?

తేజేశ్వర్ రోజూ ఫోను చేసేవాడు. స్పీకర్లో పెట్టి మాట్లాడేవారు ఇద్దరూ.

"అన్నా, హార్డ్‌టెయిల్, అదే వెనక స్ప్రింగుల్లేనిది, తీస్కుంటే వదిన నడుము పోతది. తర్వాత నన్ను అనద్దు."

"షాపువాడేమో ఈ ధరలో అదే మంచిదన్నాడురా."

"వానికి స్టాక్ పోవాలె గదన్నా."

శ్రీవిద్య పోపు వేయిస్తూ, "ఆ నెమలికంఠం రంగుది నాకు బాగుంది," అంది. ఆవాలు చిటపటలాడాయి. ఆమె మాట పోపులో పోయిందో, పోనిచ్చారో గాని, ఫోనులో సంభాషణ చక్రాల వ్యాసం దగ్గరికి వెళ్ళిపోయింది.

"నాన్నా, నేను కూడా వాడుకోవచ్చా?" అని అడిగాడు కౌశిక్ మధ్యలో.

అక్కడ దారి మళ్ళింది. జగన్మోహన్ కళ్ళు మెరిశాయి. "కరెక్ట్. ఇంట్లో ఒక బైకు ఉంటే అందరికీ పనికిరావాలి. అమ్మ వారానికి ఒకసారి తొక్కుతుంది. మిగతా రోజులు నువ్వు, అప్పుడప్పుడు నేను. అంత డబ్బు పెట్టి ఒక్కళ్ళకే ఎందుకు?"

"అది నా కుట్టు డబ్బు," అంది శ్రీవిద్య.

"నీ డబ్బు నీ దగ్గరే ఉంచుకో. ఇది నా గిఫ్టు." ఎంతో ప్రేమగా అన్నాడు. శ్రీవిద్య అతని కంచంలో ఇంకో అప్పడం వేసింది.

గురువారం ఆమె పని నుంచి వచ్చేసరికి గరాజ్ తలుపు ఎత్తి ఉంది. లోపల పెద్ద అట్టపెట్టె చింపి పడేసి ఉంది. జగన్మోహన్ ఆఫీసు నుంచి ముందే వచ్చేసి, కౌశిక్‌తో కలిసి బోల్టులు బిగిస్తున్నాడు. ఇద్దరి చేతులకీ నల్లటి గ్రీజు. మధ్యలో నిలబడి ఉంది సైకిలు. నలుపూ ఎరుపూ కలిసిన రంగు, ముందూ వెనకా స్ప్రింగులు, గేదె మెడంత లావు గొట్టాలు.

"సర్‌ప్రైజ్," అన్నాడు జగన్మోహన్. "ఆన్‌లైన్లో క్లియరెన్స్. ఫుల్ సస్పెన్షన్, మన బడ్జెట్‌లోనే. తేజేశ్వర్ కూడా పర్లేదన్నాడు."

శ్రీవిద్య హాండ్‌బ్యాగ్ భుజాన ఉండగానే దాని చుట్టూ తిరిగింది. గొట్టం మీద చిన్న స్టిక్కరు, ఎల్ అక్షరం.

"లార్జ్ కదా ఇది?"

"స్మాల్‌కి డిస్కౌంట్ లేదు. పైగా ఇదైతే ముగ్గురికీ సరిపోతుంది. నీకు సీటు దించుకుంటే చాలు."

"ఎక్కి చూస్తాను."

"ఆగు ఆగు, ఇంకా పూజ కాలేదు," అన్నాడు జగన్మోహన్. "రేపు శుక్రవారం. గుడికి తీసుకెళ్దాం. పూజ కాకుండా ఎక్కితే నువ్వే ఊరుకోవు."

నిజమే. ఊరుకోదు. కొత్త కారు కొన్నప్పుడు గుడి దాకా అతన్ని మెల్లిగా నడపమని, పూజ అయ్యేవరకూ హైవే ఎక్కనివ్వలేదు. తన పట్టింపు తనకే అడ్డం వచ్చింది. చీకటి పడే లోపల నిమ్మకాయలు కొనుక్కురావాలని గుర్తొచ్చింది.

*

గుడి వెనక పార్కింగ్ లాట్‌లో వాహన పూజలు జరుగుతాయి. ఆ సాయంత్రం వీళ్ళ వెనక ఒక కొత్త ఎస్‌యూవీ వరసలో నిలబడింది. దాని బానెట్ మీద బంతిపూల దండ సిద్ధంగా ఉంది. సైకిలుని చూసి ఆ కుటుంబంలో పిల్లలు గుసగుసలాడుకుని నవ్వారు.

పంతులుగారికి ఏ వాహనమైనా ఒకటే. గొట్టానికి గంధం రాసి కుంకుమ బొట్లు పెట్టారు. హాండిల్‌కి చిన్న దండ వేశారు. శ్రీవిద్య నిమ్మకాయల సంచీ పట్టుకుని, చెప్పులు విప్పి, చల్లటి తారు మీద నిలబడింది. మనసులో ఉన్న చిరాకంతా కాసేపు పక్కన పెడదామనుకుంది. దేవుడి ముందు చిరాకు తీసుకురాకూడదని ఆమె నమ్మకం.

"ఎవరి పేరున?" అని అడిగారు పంతులుగారు.

శ్రీవిద్య నోరు తెరిచింది.

"భారద్వాజ గోత్రం, జగన్మోహన్," అన్నాడు జగన్మోహన్. కారుకీ, ఇంటికీ, సత్యనారాయణ వ్రతానికీ, ఎక్కడ ఎవరడిగినా చెప్పినట్టే, రెండో ఆలోచన లేకుండా చెప్పాడు. పంతులుగారు గుక్క తిప్పుకోకుండా అందుకున్నారు. "భారద్వాజ గోత్రోద్భవస్య, జగన్మోహన నామధేయస్య, ధర్మపత్నీ సమేతస్య..."

సంకల్పం మొదలయ్యాక మధ్యలో మాట్లాడకూడదు. చిన్నప్పటి నుంచీ తెలిసిన సంగతి. ఆమె తెరిచిన నోరు మూసుకుంది. సమేతస్య అన్న చోట చేతిలో నిమ్మకాయల సంచీ సర్దుకుంది.

మంత్రాలయ్యాక ముందు చక్రం కింద ఒక నిమ్మకాయ, వెనక చక్రం కింద ఒకటి పెట్టించారు. "ముందుకు పోనివ్వండి," అన్నారు. జగన్మోహన్ హాండిల్ పట్టుకుని తోశాడు. చక్రం నిమ్మకాయని తాకింది. నిమ్మకాయ పక్కకి దొర్లి ఎస్‌యూవీ కిందకి పోయింది. పిల్లలు పకపకా నవ్వారు.

"అలా కాదు బాబూ, బరువు లేనిదే నలగదు. బండి మీద మనిషి కూర్చోవాలి," అన్నారు పంతులుగారు.

"విద్యా, ఎక్కు."

సీటు అడుగంటా దించి ఉంది. అయినా ఆమె కాలు అవతలికి వేసేసరికి మధ్య గొట్టం తొడలకి అడ్డం తగిలింది. సీటు మీద కూర్చుంటే ఒక కాలి బొటనవేలు మాత్రం నేలకి రాసుకుంటోంది, రెండోది గాల్లో ఉంది. హాండిల్ అందుకోవడానికి నడుం సాగదీసి వంగింది. చుడీదార్ చున్నీ దండలో చిక్కుకుంది. సైకిలు ఒరిగింది. కౌశిక్ పట్టుకున్నాడు కాబట్టి పడలేదు, చీలమండకి మాత్రం పెడల్ కొట్టుకుంది.

"నాకు కాళ్ళందట్లేదు."

"కొత్త కదా, అలవాటవుతుంది," అన్నాడు జగన్మోహన్. వెనక ఎస్‌యూవీవాళ్ళు గడియారం చూసుకుంటున్నారు. "కౌశిక్, నువ్వెక్కరా."

కౌశిక్ ఎక్కాడు. వాడికి అతికినట్టు సరిపోయింది. రెండు నిమ్మకాయలూ వాడి బరువు కింద చప్పుడు చేస్తూ చితికిపోయాయి. వాడు ఆగకుండా లాట్ చివరిదాకా తొక్కుకుంటూ వెళ్ళి, వెనక్కి తిరిగి వచ్చాడు. దండ గాలికి ఊగుతోంది. "ఇట్స్ సో స్మూత్, అమ్మా," అన్నాడు. పాపం వాడి సంతోషం వాడిది.

ఇంటికి వస్తుంటే కారులో శ్రీవిద్య, "తిరిగిచ్చేద్దాం," అంది.

"ఏమిటి?"

"నాకు సరిపోలేదు. ఇచ్చేసి ఆ చిన్నది తెచ్చుకుందాం."

జగన్మోహన్ అద్దంలోంచి వెనక పడుకోబెట్టి ఉన్న సైకిలుని చూశాడు. "పసుపూ కుంకుమా పెట్టి పూజ చేయించిన దాన్ని తిరిగిచ్చేస్తామా? నువ్వేనా ఈ మాట అంటున్నది? అంత అపచారం ఎవరైనా చేస్తారా?"

ఆమె కిటికీ బయటికి చూసింది. అపచారమే, అతనన్నది తప్పు కాదు. కానీ ఆ మాట అతని నోట్లోంచి ఎంత సులువుగా వచ్చింది. ఉగాది రోజున కూడా ఆఫీసు కాల్‌లో కూర్చునే మనిషికి అపచారం ఎక్కడ గుర్తొచ్చిందో చూడు అనుకుంది. చీలమండ సలుపుతోంది.

*

శనివారం ఉదయం కుట్టు గదిలో దేదీప్య జాకెట్టు వేసుకుని అద్దం ముందు నిలబడింది. శ్రీవిద్య నోట్లో రెండు గుండుసూదులు పట్టుకుని, వీపు దగ్గర సర్దుతోంది.

"బాగుంది ఆంటీ. ఓకే. ఇచ్చెయ్యండి."

"అప్పుడే కాదు. చేతులు పైకెత్తు." దేదీప్య ఎత్తింది. "కూర్చో." కూర్చుంది. "ముందుకు వంగు. ఊపిరి గట్టిగా పీల్చు. చంక కింద పట్టేస్తోందా?"

"లేదు. ఎందుకు ఆంటీ ఇన్ని ఎక్సర్‌సైజులు? అద్దంలో కనిపిస్తోంది కదా."

"నిలబడితే అందరికీ బాగానే ఉంటుంది. కూర్చుంటే గాని తెలీదు," అంది శ్రీవిద్య. అని, సూదులు నోట్లోంచి తీసి పిన్‌కుషన్‌కి గుచ్చింది. ఆ మాట రోజుకి ఎంతమందితో అంటుందో ఆమెకే లెక్క లేదు.

"రేపు వస్తున్నారు కదా? బైక్ వచ్చిందా?"

"వచ్చింది. మా అబ్బాయికి సరిగ్గా సరిపోయింది."

దేదీప్య నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగింది. శ్రీవిద్య లార్జ్ సంగతీ, బొటనవేలి సంగతీ చెప్పింది. పూజ సంగతి చెప్పబోయి, ఈ పిల్లకి ఎంతవరకు అర్థమవుతుందోనని ఊరుకుంది.

"ఆ సైజుతో ట్రెయిల్ మీదికి రావద్దు ఆంటీ, ప్లీజ్," అంది దేదీప్య. "ఆగాల్సిన చోట కాలు కింద పెట్టలేకపోతే పడిపోతారు. నెక్స్ట్ ఇయర్ రండి. నేను మళ్ళీ పేరు పెడతాను."

ఆ పిల్ల మంచికే అంది. కానీ వచ్చే ఏడు అన్న మాట చెవిన పడగానే శ్రీవిద్యకి వారం నుంచీ లోపల కుతకుతలాడుతున్నది పొంగింది. పక్కనే ఉన్న పెళ్ళివారి జాకెట్లు మడతపెట్టి సంచీలో సర్దింది. షాపు యజమానురాలితో మధ్యాహ్నం రానని చెప్పి తన వ్యాన్ తాళాలు తీసుకుంది.

సైకిళ్ళ షాపులో నెమలికంఠం రంగుది లేదు. బుధవారమే అమ్ముడుపోయిందట. గడ్డం అతను ఆమెని గుర్తుపట్టి, ఆమె వెనక ఎవరైనా వస్తున్నారేమోనని తలుపు వైపు చూశాడు. ఎవరూ రాలేదు.

"స్మాల్‌లో ఇంకేమున్నాయి?" అని అడిగింది.

కొత్తవి లేవన్నాడు. నాలుగు వారాలు పడుతుంది. అద్దెకి తిప్పినవి కొన్ని అమ్ముతున్నాం, చూస్తారా అన్నాడు. వెనక షెడ్డులో ఉన్నాయి. అందులో ఒకటి స్మాల్. ఇటుకరాయి రంగు. గొట్టం మీద గీతలు, ఒక పక్క రంగు ఊడి కింద లోహం కనిపిస్తోంది, హాండిల్ పిడులు అరిగి ఉన్నాయి. స్ప్రింగులు ముందు చక్రానికే. గొలుసూ బ్రేకు ప్యాడ్లూ కొత్తవి వేశామన్నాడు.

"తొక్కి చూస్తాను."

పార్కింగ్ లాట్‌లోకి తీసుకెళ్ళింది. సీటు ఎక్కువ ఎత్తుగా ఉందనిపించి తనే లీవరు తిప్పి దించింది, ఒక అంగుళం పైకి లేపింది, మళ్ళీ కూర్చుంది. రెండు పాదాలూ ఆనాయి. చేతులు చాపింది. వంగింది. గట్టిగా ఊపిరి పీల్చుకుంది. అవతల ఒక పెద్దావిడ కారులో కూర్చుని ఈవిడేం చేస్తోందా అని చూస్తోంది. చూడనీ. కాలిబాట అంచు మీంచి కిందకి దించింది, మళ్ళీ పైకి ఎక్కించబోయి ఎక్కించలేక దిగింది. రెండోసారి వేగం తీసుకుని ఎక్కించింది. గబుక్కున బ్రేకు వేసి చూసింది. ఎక్కడ ఆగాలనుకుందో అక్కడే ఆగింది.

"మీ వారిని కనుక్కుని రావాలంటే సాయంత్రం వరకూ పక్కన పెడతాను," అన్నాడు గడ్డం అతను.

"నన్ను కనుక్కున్నాను," అంది శ్రీవిద్య. కుట్టు డబ్బులో సగం పైగా ఇంకా మిగిలింది.

*

వ్యాన్ వెనక తలుపు ఎత్తి ఉండటం చూసి జగన్మోహన్ గరాజ్‌లోకి వచ్చాడు. చేతిలో టీ కప్పు.

"ఇదేమిటి?"

"నా సైకిలు."

అతను ఇటుకరాయి రంగు దాన్ని చూశాడు, గోడకి ఆనించి ఉన్న నలుపూ ఎరుపూ దాన్ని చూశాడు. దాని హాండిల్‌కి నిన్నటి దండ వాడిపోయి వేలాడుతోంది. "ఇంట్లో ఒకటి ఉండగా ఇంకొకటా? అదీ సెకండ్ హాండు. మరి ఆ కొత్తది ఎవరిది?"

"మీది."

"నాదేంటి? నీ కోసం కొంటే?"

"నా కోసం కొన్నారు. మీ పేరున సంకల్పం చెప్పించారు." శ్రీవిద్య గొంతు పెంచలేదు. వ్యాన్‌లోంచి సైకిలు దించుతూనే చెప్పింది. "దేవుడికి అది జగన్మోహన్ బండి అని చెప్పి వచ్చాం. గోత్రంతో సహా. దాని మీద నేనెక్కి ఎలా తిరుగుతాను?"

"అబ్బా విద్యా. అది ఉత్త ఫార్మాలిటీ."

"ఫార్మాలిటీ అయితే రేపే తిరిగిచ్చేద్దాం."

"పూజ చేసిన దాన్ని ఎలా..." అని ఆగాడు.

"అయితే ఫార్మాలిటీ కాదన్నమాట."

జగన్మోహన్ టీ కప్పు వర్క్‌బెంచ్ మీద పెట్టాడు. మళ్ళీ కప్పు తీసుకున్నాడు. శ్రీవిద్య ఎదురు చూడలేదు. గెలిచాననే సంబరం కూడా ఆమెకి లేదు. ఆమె మాట నెగ్గించుకోవడానికి అన్నది కాదు, నిజంగానే ఆమెకి ఆ సంకల్పం మీద గురి. ఆ నల్ల సైకిలు దగ్గరకు వెళ్ళి వాడిన దండ తీసి, కాలి కింద పడకుండా మొక్కల తొట్టిలో వేసింది. కుంకుమ బొట్లు మాత్రం తుడవలేదు.

"నాకు మౌంటెన్ బైకు ఎందుకు?" అన్నాడు జగన్మోహన్ చివరికి. "నేనెప్పుడూ అడగలేదే."

"అవును," అంది శ్రీవిద్య. "ఎవరూ మిమ్మల్ని కూడా అడగలేదు."

లోపల కౌశిక్ ఫ్రిజ్ తలుపు తెరిచిన చప్పుడైంది. జగన్మోహన్ నల్ల సైకిలు సీటు లీవరు తిప్పి, పైకి లేపాడు. ఎంతవరకు లేపాలో తెలియక మళ్ళీ దించాడు.

"ఎక్కి కూర్చోండి," అంది ఆమె, తల తిప్పకుండానే. "కూర్చుంటే గాని తెలీదు."

*

ఆదివారం తెల్లవారాక స్నానం చేసి, దీపం పెట్టి, కుంకుమ భరిణె తీసుకుని గరాజ్‌లోకి వచ్చింది. గుడి పూజకి కొన్న నిమ్మకాయలు రెండు మిగిలాయి. దేదీప్య కారుకి వెనక బైక్ ర్యాక్ ఉంది. కమ్యూనిటీ గేటు దగ్గర ఆగి ఉంటానని మెసేజ్ పెట్టింది.

పసుపు రాసి, రంగు ఊడిన చోటు పక్కనే బొట్టు పెట్టింది. పంతులుగారు లేరు, మంత్రాలు ఆమెకి రావు. ఆడవాళ్ళు తమంతట తాము సంకల్పం చెప్పుకోవచ్చో లేదో కూడా ఆమెకి తెలియదు. ఎవర్నైనా అడుగుదామనుకుంది. అడిగితే తలొకరూ తలొకటి చెబుతారు, సాయంత్రమైపోతుంది.

"స్వామీ," అంది మెల్లిగా. "నా పేరు శ్రీవిద్య. ఈ సైకిలు నాది. మట్టిలోనూ రాళ్ళలోనూ తొక్కుతాను. చెయ్యీ కాలూ విరక్కుండా చూడు."

ఇంకేమైనా చెప్పాలా అని ఆలోచించింది. ఏమీ తోచలేదు. దేవుడికి ఇంతకన్నా వివరం అక్కర్లేదనిపించింది.

డ్రైవ్‌వే మీద రెండు నిమ్మకాయలూ రెండు చక్రాల ముందూ పెట్టింది. హెల్మెట్ బకిల్ బిగించుకుంది. ఎక్కి కూర్చుంది. పాదాలు నేల మీద ఉన్నాయి, బ్రేకులు వేళ్ళ కింద ఉన్నాయి. లోపల మెట్ల మీద జగన్మోహన్ చెప్పుల చప్పుడు వినబడింది. నల్ల సైకిలుని నడిపించుకుంటూ గరాజ్ అంచు దాకా వచ్చాడు. మోకాలి మీద బాండేజ్ అంటించుకుని ఉన్నాడు. నిన్న సాయంత్రం ఎవరూ చూడకుండా వీధి చివరిదాకా వెళ్ళొచ్చినట్టున్నాడు.

"విద్యా, గేటు దాకా నేనూ రానా?" అన్నాడు.

ఆమె పెడల్ మీద కాలు వేసి తొక్కింది. ముందు నిమ్మకాయ చిట్లింది. వెంటనే వెనకది. ఆమె బరువుకే.

"రండి," అంది. "కానీ నా వెనక రండి."

వెనక నుంచి అతను ఏదో చెబుతున్నాడు. గేర్ల గురించే అయి ఉంటుంది.